ఆ అడవికి తలుపు ఉంది

(రేడియో ప్రసంగ పాఠం)



మీలో చాలామంది ఆదివారపు బడిలోనో, యవ్వనస్థుల కూడికలోనో ఐదుగురు మిషనరీ యువకుల కథ వినే ఉంటారు. 1956లో దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ దేశపు అడవిలో, తాము ప్రేమించి వెదికి వెళ్ళిన ప్రజల ఈటెలకే వారు ప్రాణాలు విడిచారు. ఆ కథ విని కన్నీరు పెట్టినవారున్నారు. సేవకు తమను తాము సమర్పించుకున్నవారూ ఉన్నారు. అయితే ఆ కథను మనం ఎప్పుడూ విమానంలో కూర్చుని కిందికి చూసినట్టుగానే వింటూ వచ్చాం. నేలమీద నిలబడి, ఆకాశంలోంచి దిగివస్తున్న ఆ చిన్న విమానాన్ని చూసినవారి వైపు నుండి ఎన్నిసార్లు విన్నాం?

ఈ దినాల్లో మారుమూల అడవులకు ప్రయాణం ఒకప్పుడున్నంత కష్టం కాదు. సేవ కోసమని కొందరు, సహాయం కోసమని కొందరు, కేవలం చూసి రావాలని మరికొందరు వెళ్తున్నారు. వెళ్ళవచ్చా? వెళ్తే ఎలా వెళ్ళాలి? ఈ ప్రశ్నకు ఆ ఈక్వడార్ అడవిలోనే మనకు ఒక పాఠం ఉంది. ఓపికగా చదవమని కోరుతున్నాను.

ఆ ప్రజలు ఎవరు?

ఈక్వడార్ తూర్పు భాగమంతా అమెజాన్ వర్షారణ్యం. అందులో నాపో, కురరాయ్ అనే రెండు నదుల మధ్య వావొరానీ అనే ప్రజలు తరతరాలుగా జీవిస్తున్నారు. వారి భాషకు ప్రపంచంలో మరే భాషతోనూ చుట్టరికం కనబడలేదు. 1950లలో వారు సుమారు 500 మంది. దాదాపు 20,000 చదరపు కిలోమీటర్ల అడవిలో, ఒకరికొకరు శత్రువులైన నాలుగు గుంపులుగా చెదరి ఉండేవారు. ఊదుగొట్టంతో విషపు బాణాలు ఊది చెట్లమీది కోతులను, పక్షులను వేటాడేవారు. కర్రపెండలం పండించేవారు. గట్టి తాటిజాతి చెక్కతో పొడవైన ఈటెలు చెక్కుకునేవారు.

పొరుగున ఉన్న కిచ్వా ప్రజలు వీరిని ‘అవుకా’ అనేవారు. అంటే అనాగరికులు అని అర్థం. మన పాత పుస్తకాల్లో ఆ పేరే కనబడుతుంది. అది వారు పెట్టుకున్న పేరు కాదు. ‘వావొరానీ’ అంటే వారి భాషలో ‘మనుషులు’ అని మాత్రమే అర్థం. మరి బయటివారిని వారేమనేవారు? ‘కొవొదే’ అనేవారు. నరమాంసం తినేవారని వారి నమ్మకం. రబ్బరు వ్యాపారం సాగిన కాలంలో బయటివారు అడవుల్లోకి చొరబడి మనుషులను పట్టుకుపోయి బానిసలుగా చేశారు. అలా పోయినవారు తిరిగి రాలేదు. వెనుక మిగిలినవారు ఏమనుకుంటారు? ఆ భయానికి కారణం ఉంది, ప్రియులారా.

వారిలో వారికీ పగలు ఉండేవి. ఐదు తరాల వంశావళులను ఓపికగా సేకరించిన జేమ్స్ యోస్ట్ అనే మానవ శాస్త్రవేత్త లెక్క ప్రకారం, ఆ తరాల్లో సగానికి పైగా మరణాలు హింస వల్లనే జరిగాయి. ఒక హత్యకు మరొక హత్య జవాబు. ముసలితనం వరకు బ్రతకడమే అరుదు.

ఐదుగురు యువకులు, ఒక విమానం

జిమ్ ఎలియట్, నేట్ సెయింట్, ఎడ్ మెకల్లీ, పీట్ ఫ్లెమింగ్, రోజర్ యూడేరియన్. ఈ ఐదుగురు అమెరికా యువకులు అప్పటికే ఈక్వడార్‌లో ఇతర ప్రజల మధ్య సేవ చేస్తున్నారు. నేట్ విమాన చోదకుడు. 1955 అక్టోబరు నుండి వారు వావొరానీల ఇండ్లమీద విమానం నడిపి, తాడుతో కానుకలు దించారు. విమానం పైన గుండ్రంగా తిరుగుతుంటే పొడవైన తాడు చివరనున్న బుట్ట కింద దాదాపు కదలకుండా ఒకేచోట నిలిచేది. ఇది నేట్ కనిపెట్టిన ఉపాయం. రంగు రిబ్బన్లు కట్టిన చిన్న అల్యూమినియం కెటిల్, తరువాత కత్తులు, బట్టలు దించారు. కిందివారు కూడా అదే తాడుకు ఈకల కిరీటాన్ని, చిలుకను కట్టి పంపారు. స్నేహం కుదిరిందని వీరు సంతోషించారు.

1956 జనవరి 3న కురరాయ్ నది ఒడ్డున ఒక ఇసుక మేట మీద విమానం దించి, చెట్టుమీద చిన్న మంచె కట్టుకున్నారు. 6వ తేదీ శుక్రవారం ముగ్గురు వావొరానీలు అడవిలోంచి బయటికి వచ్చారు. ఒక పురుషుడు, ఒక యువతి, ఒక పెద్దావిడ. పురుషుని పేరు నంకివీ. అతన్ని విమానం ఎక్కించి తిప్పారు కూడా. 8వ తేదీ ఆదివారం మధ్యాహ్నం ఐదుగురూ ఈటెలతో చంపబడ్డారు. వారి దగ్గర తుపాకులున్నా, ఆ ప్రజల ప్రాణం తీయకూడదని ముందే నిర్ణయించుకున్నారు.

ఇంతవరకు మనకు తెలిసిన కథ. ఎందుకు చంపారు? చాలా సంవత్సరాలు ఎవరికీ సరిగా తెలియలేదు. నేట్ కుమారుడు స్టీవ్ సెయింట్ పెద్దవాడయ్యాక ఆ దాడిలో పాల్గొన్నవారినే అడిగి తెలుసుకుని 1996లో రాశాడు. నంకివీ, ఆ యువతి పెద్దల తోడు లేకుండా అడవిలో ఒంటరిగా కనబడ్డారు. యువతి అన్న నంపా మండిపడ్డాడు. తన ప్రాణం మీదికి వచ్చేసరికి నంకివీ, ‘ఆ బయటివారు మామీద దాడి చేశారు, అందుకే విడిపోయి పరుగెత్తాం’ అని అబద్ధం చెప్పాడు. ఆ కోపం ఇసుక మేట వైపు తిరిగింది.

గమనించండి. ఆ ఐదుగురు చంపబడింది వారు ప్రకటించదలచిన మాట వల్ల కాదు. ఆ మాట చెప్పేంత భాష కూడా వారికి రాదు. ఒక కుటుంబపు తగాదా మధ్యలోకి, అక్కడ తగాదా ఉందని కూడా తెలియకుండా వచ్చి నిలబడ్డారు. వారి ప్రేమలో లోటు లేదు, ధైర్యంలోనూ లోటు లేదు. కాని పైనుండి చూస్తే ఇంటి కప్పు కనబడుతుంది గాని ఇంట్లో మాట వినబడదు.

తలుపు తీసింది ఎవరు?

ఇప్పుడు రెండవ ప్రయాణం చూద్దాం. దీనికి దారి తీసింది విమానం కాదు, ఒక స్త్రీ. ఆమె పేరు దయూమా. ఆమె వావొరానీ ఆడపడుచు. తండ్రి హత్య తరువాత 1940లలో ప్రాణభయంతో అడవి విడిచి పారిపోయి, ఒక తోటలో కూలిపని చేస్తూ బ్రతికింది. నేట్ అక్క రేచెల్ సెయింట్ 1955లో ఆమెను కలిసి, ఆమె దగ్గర కూర్చుని భాష నేర్చుకోవడం మొదలుపెట్టింది.

1957 చివరలో ఇద్దరు వావొరానీ స్త్రీలు, మింటాకా, మెంగామో, తమంతట తామే అడవిలోంచి ఒక కిచ్వా గ్రామానికి వచ్చారు. మింటాకా ఎవరనుకున్నారు? ఆ శుక్రవారం ఇసుక మేట దగ్గరికి వచ్చిన పెద్దావిడే. జిమ్ భార్య ఎలిజబెత్ ఎలియట్ వారితో కలిసి జీవించి మాటలు నేర్చుకుంది. 1958లో దయూమా ఆ ఇద్దరితో కలిసి తన వారి దగ్గరికి తిరిగి వెళ్ళింది. కొన్ని వారాల తరువాత బయటికి వచ్చి, ‘రండి’ అనే కబురు తెచ్చింది.

ఆ అక్టోబరులో ఎలిజబెత్, మూడేండ్ల కూతురు వెలరీ, రేచెల్ అడవిలోకి నడిచారు. తుపాకి లేదు, విమానం లేదు. గోడలు లేని ఆకుల కప్పు కింద, భర్తను చంపినవారి పొయ్యి పక్కనే ఎలిజబెత్ పడుకుంది. వారు పెట్టింది తిన్నది. చిన్నపిల్ల మాట్లాడినట్టు వచ్చీరాని మాటలు మాట్లాడుతుంటే వారు నవ్వేవారు. రేచెల్ అయితే 1994లో మరణించేవరకు ఎక్కువ కాలం వారి మధ్యనే గడిపింది.

మన ప్రభువు డెబ్బదిమంది శిష్యులను పంపినప్పుడు ఏం చెప్పాడో గుర్తు చేసుకోండి. సంచి పట్టుకుపోవద్దన్నాడు. చేర్చుకున్న ఇంట్లోనే ఉండి, పెట్టింది తినమన్నాడు. చేర్చుకోకపోతే కాళ్ళ ధూళి దులుపుకుని వెళ్ళిపొమ్మన్నాడు. తలుపు బద్దలుకొట్టమని ఎక్కడా చెప్పలేదు. సమరయ స్త్రీ దగ్గర ఆయన మొదట ఇచ్చేవాడిగా కాదు, దప్పికతో నీళ్ళు అడిగేవాడిగా కూర్చున్నాడు. 1956లో వెళ్ళినవారి చేతుల్లో కానుకలున్నాయి. 1958లో వెళ్ళినవారి చేతులు దాదాపు ఖాళీ, కాని వెళ్ళే ముందు పిలుపు అందింది.

ఆ తరువాత కొద్ది సంవత్సరాల్లోనే ఈటె హత్యలు బాగా తగ్గిపోయాయి. 1965లో నేట్ పిల్లలు స్టీవ్, కేథీ అదే కురరాయ్ నదిలో బాప్తిస్మం పొందారు. బాప్తిస్మమిచ్చిన కిమో, ద్యూవీ ఇద్దరూ ఆ రోజు ఈటెలు పట్టినవారే. దీన్ని బయటివారి విజయంగా చెప్పుకోవడం తేలిక. అయితే వావొరానీల మధ్య పరిశోధన చేసిన క్లేటన్, కెరోల్ రోబర్చెక్ దంపతులు ఇలా వివరించారు: పగల చక్రం నుండి బయటపడాలని ఆ ప్రజలే లోలోపల ఎదురుచూస్తున్నారు, వేరొక దారి ఉందని దయూమా వంటివారు తెచ్చిన కబురుతో వారే నిర్ణయం తీసుకున్నారు. నిర్ణయం వారిది. ఈ మాట మరచిపోవద్దు.

మనకు తెలియకుండా మనతో వెళ్ళేవి

ఇక చెప్పడానికి కష్టమైన సంగతి. పిలుపు అందుకుని ప్రేమతో వెళ్ళినా, మన వెంట మనం పిలవనివి కూడా వస్తాయి.

మొదటిది రోగం. మనకు జలుబు, తట్టు వంటివి చిన్ననాటి నుండి అలవాటు. మన ఒంట్లో వాటిని ఎదిరించే శక్తి ఏర్పడి ఉంటుంది. ఎన్నడూ ఆ రోగం సోకని ఊరిలో అది అడుగుపెడితే పిల్లలు, పెద్దలు అందరూ ఒకేసారి పడిపోతారు. అప్పుడు నీళ్ళు తెచ్చేవారుండరు, వేటకు వెళ్ళేవారుండరు, గంజి కాచేవారుండరు. రోగంతో పోయేవారు కొందరైతే, చూసుకునే దిక్కులేక పోయేవారు మరికొందరు. 1969లో మిషనరీలున్న తివెనో ఊరిలో వావొరానీలకు పోలియో సోకింది. 16 మంది చనిపోయారు, అనేకులు అవిటివారయ్యారు. రాత్రింబగళ్ళు వారికి సేవ చేసింది ఆ మిషనరీలే. రెండూ నిజమే.

రెండవది వ్యాపారం. 1967లో ఈక్వడార్ అమెజాన్‌లో చమురు పడింది. దూరపు గుంపులవారిని తివెనో చుట్టుపక్కలకు తరలించారు. 1969లో ప్రభుత్వం అక్కడ సుమారు 66,000 హెక్టార్లు వారికి కేటాయించింది. అది వారు తిరిగిన అడవిలో కొద్దిభాగం మాత్రమే. ఖాళీ అయిన నేలలోకి చమురు పనులు వచ్చాయి. ఆ అడవిని చీల్చుకుంటూ వేసిన రోడ్డుకు ‘వియా అవుకా’ అని పేరు పెట్టారు. అనాగరికుల దారి అన్నమాట! 1990లో మాత్రమే వారికి ఆరు లక్షలకు పైగా హెక్టార్లకు పట్టా దక్కింది.

రావద్దు అన్నవారు

వావొరానీలలో అందరూ తలుపు తీయలేదు. తగయేరి అనే గుంపు, వారికి దగ్గరివారైన తరొమెనానే ప్రజలు ఈనాటికీ బయటివారిని దూరంగా ఉంచుతూ అడవి లోపలే ఉన్నారు. 1987 జూలైలో బిషప్ అలెహాంద్రో లబాకా, సహోదరి ఈనెస్ అరాంగో హెలికాప్టర్ నుండి తగయేరీల దగ్గర దిగారు. చమురు పనివారు వచ్చేలోపు ఆ ప్రజలను కలిసి వారిని కాపాడాలన్నదే వారి తపన. లబాకాకు వావొరానీల భాష తెలుసు, వారిలో స్నేహితులున్నారు. అయినా ఈ గుంపు పిలవలేదు. మరునాడు ఇద్దరి శరీరాలూ ఈటెలతో దొరికాయి. 1999లో ఈక్వడార్ ప్రభుత్వం ఆ ప్రజలున్న ప్రాంతాన్ని ఎవరూ ముట్టరాని ప్రాంతంగా ప్రకటించింది. బ్రెజిల్ కూడా 1987 నుండి ఇదే దారి పట్టింది: వారు కోరితే తప్ప సంబంధం పెట్టుకోకూడదు, వారి సరిహద్దును మాత్రం కాపాడాలి.

ఇది ఎక్కడో దూరదేశపు సంగతి అనుకోకండి. మన అండమాన్ దీవుల్లోనూ ఇదే ప్రశ్న ఉంది. 1858లో బ్రిటిషువారు అక్కడ ఖైదీల స్థావరం పెట్టినప్పుడు వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు, 1961 జనాభా లెక్కల నాటికి 19 మంది మాత్రమే మిగిలారు. తట్టు వంటి రోగాలే వారిని ఎక్కువగా తినేశాయి. ఆ ఐదుగురు కురరాయ్ ఒడ్డున మరణించిన 1956లోనే మన దేశం అండమాన్ ఆదిమ తెగల రక్షణకు చట్టం చేసింది. జరావాలు 1998 నుండి తామే బయటికి రావడం మొదలుపెట్టారు. మరుసటి ఏడే వారిలో తట్టు ప్రబలింది. ఇక ఉత్తర సెంటినెల్ దీవివారు నేటికీ ఎవరినీ రానివ్వరు. 2018 నవంబరులో జాన్ చావ్ అనే అమెరికా యువకుడు సువార్త చెప్పాలని, చట్టాన్ని మీరి అక్కడ దిగి ప్రాణం పోగొట్టుకున్నాడు. 2025 మార్చిలో మరొకడు దిగి ఒక కొబ్బరికాయ, ఒక శీతల పానీయపు డబ్బా వదిలి వచ్చి అరెస్టయ్యాడు.

ప్రియులారా, కొందరు అడుగుతారు: ‘ప్రాణాలకు తెగించి వెళ్ళడం విశ్వాసం కాదా?’ నీ ప్రాణానికి నీవు తెగించవచ్చు. కాని నీ ఒంట్లోని జలుబుతో వారి పిల్లల ప్రాణాలకు తెగించే అధికారం నీకెవరిచ్చారు? ప్రభువే తలుపు దగ్గర నిలిచి తట్టేవాడిగా ప్రకటన గ్రంథంలో కనబడుతున్నాడు. లోపలివారు తీసేవరకు ఆయన ఆగుతాడు. మనం ఆయనకంటే తొందరపడవచ్చా?

మీరు వెళ్ళవలసి వస్తే

నేడు వావొరానీలు రెండు వేలకు పైగా ఉన్నారు. కొన్ని గ్రామాలవారు అతిథులను పిలుస్తారు. షెల్ అనే ఊరి నుండి చిన్న విమానంలోనో, దుంగను తొలిచిన పడవలో నదిమీదుగానో వెళ్ళాలి. వారి దగ్గరికైనా, వారివంటి మరే ప్రజల దగ్గరికైనా వెళ్ళేవారు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి.

మొదట, పిలిచింది ఎవరో తెలుసుకోండి. తీసుకువెళ్ళే సంస్థ అనుమతి, ప్రభుత్వ అనుమతి ఉంటే చాలదు. ఆ గ్రామపు పెద్దలు, ఆ ప్రజల సొంత సంఘం రమ్మన్నారా? వద్దంటే అక్కడితో ఆగిపోండి.

రెండవది, టీకాలన్నీ వేయించుకోండి. బయలుదేరేనాటికి దగ్గు, జ్వరం ఉంటే టికెట్టు డబ్బు పోయినా ఆగిపోండి.

మూడవది, కానుకల మూట కట్టకండి. ఒకరికి ఇచ్చి మరొకరికి ఇవ్వకపోతే ఎవరి ఇంట్లో ఏ తగాదా లేస్తుందో మీకు తెలియదు. ఏం కావాలో ముందే పెద్దలను అడిగి, వారి చేతికే ఇవ్వండి.

నాలుగవది, పెట్టింది తీసుకోండి. ఆ ఇంటి స్త్రీలు కర్రపెండలాన్ని నమిలి తయారుచేసిన పానీయం చిప్పతో అందిస్తారు. అది ఆ ఇంటి మర్యాద. తాగలేకపోతే మొహం చిట్లించకుండా రెండు చేతులా అందుకుని పెదవులకు తాకించండి.

ఐదవది, అడగకుండా ఫోటో తీయకండి. మన తెలుగువారు ఎంతోమంది అండమాన్ విహారయాత్రకు వెళ్ళి, బారాటాంగ్ గుహలు చూడడానికి జరావాల అడవి మధ్యనున్న రోడ్డు మీదుగా ప్రయాణిస్తారు. అక్కడ బండి ఆపడం, ఫోటో తీయడం, తినుబండారాలు విసరడం నేరం. బిస్కెట్టు విసిరే చెయ్యి దయగల చెయ్యి అనుకోకండి. మనిషికి ఎవరైనా అలా విసురుతారా?

చివరి మాట

2012లో చమురు కోసం వావొరానీల నేలను వేలం వేయడానికి ముందు అధికారులు వారి గ్రామాలకు వెళ్ళి, అర్థంకాని మాటలు కొన్ని చెప్పి, అనుమతి తీసుకున్నామన్నారు. వావొరానీలు కోర్టుకు వెళ్ళారు. 2019 మార్చిలో విచారణ జరుగుతుండగా సరైన అనువాదకుడు లేడని వారి స్త్రీలు లేచి గొంతెత్తి పాడడం మొదలుపెట్టారు. న్యాయమూర్తుల మాట వినబడలేదు. విచారణ వాయిదా పడింది. ఏప్రిల్‌లో తీర్పు వారి పక్షాన వచ్చింది. సుమారు 1,80,000 హెక్టార్ల అడవి వేలం నుండి బయటపడింది. ఆ పోరాటానికి ముందు నిలిచిన నెమోంతే నెంకిమోకు 2020లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి లభించింది. 2023 ఆగస్టులో ఈక్వడార్ ప్రజలు కూడా యసూనీ అడవిలోని ఒక పెద్ద చమురు క్షేత్రాన్ని తవ్వకుండా వదిలేయాలని ఓటు వేశారు. నూటికి సుమారు 59 మంది ఆ వైపు నిలిచారు.

మాట్లాడలేనివారని, ఎవరో ఒకరు వెళ్ళి వారి తరఫున మాట్లాడాలని మనం అనుకున్న ప్రజలు వీరే. వారికి ఎప్పుడూ మాట ఉంది. భాష రానిది మనకే. ఆ ఐదుగురి సమాధుల దగ్గర మనం నేర్చుకోవలసింది ధైర్యం మాత్రమే కాదు, దయూమా కబురు తెచ్చేవరకు ఎదురుచూసిన ఆ స్త్రీల ఓర్పు కూడా. ఆ అడవికి తలుపు ఉంది, ప్రియులారా. గడియ లోపలివైపు ఉంది. తట్టండి, ఆగండి, వినండి. తీస్తే చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళండి. తీయకపోతే వారి క్షేమం కోసం ప్రార్థించి ఇంటికి తిరిగి రండి. అదీ పరిచర్యే.

ప్రభువు మిమ్మల్ని దీవించును గాక.